చదివింపుల పుస్తకం

పోయిన మాఘమాసంలో కోరుట్లలో మా ఆడపడుచు మనమరాలి పెళ్ళికి వెళ్ళాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా వాళ్ళ పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఎప్పుడూ నాకే అప్పగిస్తారు. పందిట్లో ఓ మూల కుర్చీ, పక్కన మంచినీళ్ళ గ్లాసు, ఒళ్ళో నోటుబుక్కు. వయసు మళ్ళిన ఆడదానికి పెళ్ళిలో ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం ఇంకొకటి లేదు. ఎవరెంత చదివించారో రాయడంతో బాటు, ఎవరెంత తక్కువ చదివించారో గుర్తుపెట్టుకోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే అనుకోండి.

పట్టుమని పది పేర్లు రాశానో లేదో, మా చెల్లెలి కొడుకు వచ్చి పక్కన కూచున్నాడు. జగిత్యాలలో వకీలు. నా నోటుబుక్కు కేసి చూసి, "పెద్దమ్మా, గిదొక్కటి సాలదు. పిల్లకిచ్చినయి ఒక బుక్కుల, పిల్లగానికిచ్చినయి ఇంకో బుక్కుల రాయాలె. ఇచ్చినోళ్ళ పేరు, ఏమైతరు, దాని కిమ్మతు ఎంత, అన్నీ ఉండాలె. కిందికి ఇద్దరితోని సంతకాలు పెట్టియ్యాలె," అన్నాడు.

"ఎవరు చెప్పార్రా?"

"కానూను చెప్పింది. 1985 నుంచి ఉన్నది."

పక్కనే తమలపాకులు సర్దుతున్న మా ఆడపడుచు చేతులు ఆగిపోయాయి. "గన్నేండ్ల సంది ఉన్నదా! నా బిడ్డల పెండ్లిళ్ళకు ఎవ్వరు చెప్పకపోతిరి. ఎరుక లేనోళ్ళను గూడ పడతరా బిడ్డా?"

"ఎరుక లేదంటే కోర్టు ఊకోదు అత్తమ్మా," అన్నాడు మావాడు, సర్కారు తరఫున తానే తీర్పు చెబుతున్నట్టు.

అదేం చోద్యం! తెలియక చేసిన దానికి దేవుడే తప్పు పట్టడంటారే, కోర్టు ఎందుకు పడుతుంది? ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మావాణ్ణి ఫోన్లో విసిగించి, వాడిచ్చిన పుస్తకాలూ, మా వారి బీరువాలోని పాత చరిత్ర పుస్తకాలూ తిరగేస్తే తెలిసిన సంగతులివి.

తెలియకపోవడం రెండు రకాలట. పెళ్ళి పందిట్లోంచి బయటికొచ్చి, మన చెప్పులే అనుకుని పక్కావిడ చెప్పులు తొడుక్కుపోయామనుకోండి, అది దొంగతనం కాదు. అవి మనవి కావన్న సంగతే మనకు తెలీదు గదా! కానీ, "అవి ఆవిడవని తెలుసు గాని, చెప్పులు తీసుకుపోవడం నేరమని తెలీదండీ" అంటే మాత్రం చెల్లదు. మొదటిది సంగతి తెలియకపోవడం, రెండోది చట్టం తెలియకపోవడం. 1862 నుంచి అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడులో 76, 79 సెక్షన్లు ఈ తేడానే చెప్పాయి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 14, 17 సెక్షన్లయ్యాయి. నంబర్లు మారాయి గాని మాట మారలేదు.

ఎందుకలాగ? అందరికీ చట్టాలన్నీ తెలుసునని ఎవరూ అనుకోరు, వకీళ్ళకే తెలియవు. పదిహేడో శతాబ్దంలో జాన్ సెల్డెన్ అనే ఇంగ్లీషు పండితుడు అసలు కారణం ఒప్పేసుకున్నాడు. తెలియదన్న సాకు ఒకసారి ఒప్పుకుంటే ప్రతివాడూ అదే చెబుతాడు, కాదని రుజువు చెయ్యడం ఎవరి తరమూ కాదు అని. నిజమే. మా ఇంట్లో పిల్లలు "నాకు తెలీదమ్మా" అన్న మాట ఎన్నిసార్లు వాడారో తలుచుకుంటే సెల్డెన్ గారు కూడా పిల్లల్ని పెంచినవాడే కాబోలు అనిపించింది. పైగా తెలియనివాణ్ణి వదిలేస్తే, తెలుసుకోకుండా ఉండడమే లాభసాటి బేరమైపోదూ?

రోమనులు మాత్రం కొందరిని కనికరించారు. పాతికేళ్ళు నిండనివాళ్ళకూ, కొన్ని విషయాల్లో ఆడవాళ్ళకూ చట్టం తెలియకపోయినా ఫరవాలేదన్నారు. చదివినప్పుడు ముందు సంతోషం వేసింది. ఆడదానికేం తెలుస్తుందిలే అన్న చిన్నచూపుతో ఇచ్చిన మినహాయింపు అని తర్వాత తట్టింది. అలాంటి దయ మనకు లేకపోవడమే నయం.

అయితే ఆ రోమనులే అంతకు చాలా ముందు, క్రీస్తుకు పూర్వం 450 ప్రాంతంలో, పన్నెండు పలకల మీద చట్టాన్ని రాయించి ఊరి నడిబొడ్డున నిలబెట్టారు. అప్పటిదాకా చట్టం పెద్దింటివాళ్ళ నోట్లోనే ఉండేది. సామాన్యులు పోట్లాడి బయటికి రప్పించుకున్నారు. తెలుసుకోవలసిన బాధ్యత నీదే అనాలంటే, తెలియజెయ్యవలసిన బాధ్యత ముందు నాది అని ఒప్పుకోవాలి గదా. ఈ రెండో సగం మా వైపు ఎలా నడిచిందో చూద్దామని నిజాం కాలం పుస్తకాలు తీశాను.

కోరుట్ల అంటే ఇవాళ అందరికీ బీడీలే గుర్తొస్తాయి. నూరేళ్ళ కిందట ఆ ఊరు కాగితానికి ప్రసిద్ధి. చేత్తో చేసిన కోరుట్ల కాగితాన్ని పట్వారీలు లెక్కల పుస్తకాలకు వాడేవారని ఇంగ్లీషువాళ్ళ గెజిటీరులోనే రాసి ఉంది. కాగితం మన ఊరిదే, దాని మీది రాత మాత్రం మన ఊరివాళ్ళకు అందేది కాదు. హైదరాబాదు రాజ్యంలో కోర్టుల భాష 1880ల దాకా పారశీకం, ఆ తర్వాత ఉర్దూ. ఫర్మానాలూ, గస్తీలూ జరీదా అనే సర్కారు గెజిట్లో ఉర్దూలో వెలువడేవి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఉర్దూ చదవగలిగిన ఇల్లు ఎక్కడో ఒకటి. కాగితం చేసినవాడికి దాని మీద తన గురించి ఏం రాశారో పట్వారి చెబితేనే ఎరుక. పట్వారి చెప్పదలుచుకున్నంతే ఎరుక.

వెట్టి సంగతే చూడండి. అధికారి ఊరికొస్తే కుమ్మరి కుండలివ్వాలి, చాకలి మంగలి పనులు మానుకుని రావాలి, కోమటి ఉప్పూ పప్పూ నెయ్యీ వాళ్ళడిగినంత ధరకో, అదీ లేకుండానో ఇవ్వాలి. ఇది అనాదిగా వస్తున్న చట్టమని జనం నమ్మారు. తీరా చూస్తే సర్కారువారే వెట్టిని కట్టడి చేస్తూ ఉత్తర్వులిచ్చి ఉన్నారు! అవి ఉర్దూలో ఉన్నాయి, అమలు చెయ్యవలసిన వాళ్ళే వెట్టి అనుభవించేవాళ్ళు. ఇక ఊరికి ఎవరు చెబుతారు?

చెప్పినవారు మాడపాటి హనుమంతరావు గారు. ఆయన ఉర్దూ, పారశీకం బాగా చదువుకున్న మనిషి. నిజాం ప్రభుత్వంలో శాసనశాఖలో అనువాదకుడిగా కొంతకాలం ఉండి, తర్వాత వకీలు అయ్యారు. చట్టం ఎక్కడ పుడుతుందో, ఏ అల్మారాలో నిద్రపోతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావు గారిని గేలి చేస్తే, ఆ కడుపుమంటతో ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘంవారు వెట్టిచాకిరి మీదా, వర్తక స్వాతంత్ర్యం మీదా చిన్న చిన్న పుస్తకాలు వేశారు. అందులో విప్లవమేమీ లేదు. సర్కారువారి ఉత్తర్వుల్నే తెలుగులోకి తెచ్చి ఊళ్ళల్లో పంచారు. ధర ఇవ్వకుండా సరుకు అడిగే హక్కు ఎవరికీ లేదని అచ్చులో చూసుకున్నాక, దుకాణం మీద కూచున్న వర్తకుడికి అధికారి జవాను ముందు కాస్త నోరు పెగిలింది.

నన్నడిగితే మన చరిత్రలో పెద్ద పెద్ద యుద్ధాల సరసన ఈ చిన్న పుస్తకాలను కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే చట్టం తెలియకపోతే శిక్ష తప్పదన్న సంగతి అందరూ చెబుతారు. చట్టం తెలియకపోతే హక్కు పోతుందన్న సంగతి ఎవరూ చెప్పరు. తప్పుకు తెలియనితనం సాకు కాదు సరే, దోపిడీకి మాత్రం అది భలే ఆసరా.

ఈ మాడపాటివారి అధ్యక్షతనే 1935లో సిరిసిల్లలో నాల్గవ ఆంధ్ర మహాసభ జరిగింది. మగ్గాల చప్పుడు తప్ప ఇంకో సందడి ఎరగని ఊళ్ళో అదెంత సంబరమో ఊహించుకోండి. అప్పటికి సభ పెట్టుకోవాలంటేనే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. 1929 నాటి గస్తీ 53 నంబరు అంటే కార్యకర్తలకు హడలు. ఆ నంబరు మాత్రం అందరికీ తెలుసు సుమండీ! సర్కారుకు కావలసిన చట్టం ఊరూరా ఎలా తెలిసిపోతుందో, జనానికి కావలసింది ఎందుకు తెలియదో!

సిరిసిల్లలో మగవాళ్ళ సభతో బాటు మహిళాసభ కూడా జరిగింది. అధ్యక్షురాలు మాడపాటి మాణిక్యమ్మ గారు. బాల్యవివాహాలూ, ఆడపిల్లల చదువూ ఆ రోజుల మహిళాసభల్లో నలిగే విషయాలు. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అప్పటికే వచ్చింది, ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలని. అది 1929 సెప్టెంబరులో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. మధ్యలో ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లలో చట్టం సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఏం చేశారనుకున్నారు? పిల్లల పెళ్ళిళ్ళు హడావిడిగా చేసేశారు! తెలిస్తే చాలు, జనం బుద్ధిగా నడుచుకుంటారనుకునే నాబోటి వాళ్ళకు ఇదో చెంపపెట్టు.

మాడపాటివారు 1928లో హైదరాబాదులో నడిపించిన తెలుగు బాలికల పాఠశాలకు, తెలుగులో బోధిస్తున్నారన్న కారణాన అక్కడి సర్కారు గుర్తింపు దొరకలేదు. పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవలసి వచ్చింది. చట్టం చదివే భాష ఆడపిల్లకు రాదు, ఆడపిల్ల చదివే భాషను సర్కారు గుర్తించదు. అయినా చట్టం తెలియదంటే ఊరుకోరు.

రాజ్యం మారింది. 1951లో ఇండియన్ పీనల్ కోడు మా వైపూ వచ్చింది. జగిత్యాల మాట చెప్పేటప్పుడు 1978 దాటవెయ్యడం నాకిష్టం లేదు. ఆ సెప్టెంబరులో పల్లెల నుంచి వేలాది రైతుకూలీలు జగిత్యాలకు నడిచి వచ్చారు. అడిగినవి కూలి రేట్లు, పాలేర్ల జీతాలు, దొరల గడీల్లో అప్పటికీ పోని వెట్టి రద్దు. వెట్టి చేయించడం నేరమని 1976లోనే పార్లమెంటు కట్టుబానిస కార్మిక విధాన నిర్మూలన చట్టం చేసి ఉంది. ఆ చట్టం దొరలకు తెలియదా? "తెలియదు" అని చెప్పవలసిన అవసరం కూడా వాళ్ళకు రాలేదు, అడిగితే గదా.

అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి చట్టం అది. అయిదుగురు, అంతకు మించి గుమిగూడరాదన్న ఉత్తర్వు ఉన్నచోట దాన్ని మీరినవాళ్ళ మీద, తనకు తోచినంత హెచ్చరిక చేసి, సబ్ ఇన్స్పెక్టరు స్థాయి అధికారి ప్రాణం పోయేటంత బలమైనా వాడవచ్చు. గెజిట్లో పడిన ఆ ప్రకటనను తాలూకాలో ఎంతమంది చదివి ఉంటారు? మా వైపు అరుగుల మీద సాయంత్రం పూట బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నేను అప్రయత్నంగా లెక్కపెడతాను. నలుగురు, అయిదుగురు, ఆరుగురు. తునికాకు చాటలు ఒళ్ళో పెట్టుకుని, లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుంటూ. ఆ రోజుల్లో వాళ్ళ తల్లులకు 'అయిదు' అన్న అంకె గురించి ఎవరైనా చెప్పారో లేదో!

మన సుప్రీంకోర్టు ఈ చిక్కు గురించి ఆలోచించకపోలేదు. రెండు తీర్పులు చెబుతాను, రెండూ కథల్లాగే ఉంటాయి. జయపురంలో మహారాజు మైనరుగా ఉన్న రోజుల్లో, 1923 డిసెంబరులో మంత్రుల మండలి నల్లమందు మీద చట్టం చేస్తూ తీర్మానం రాసుకుంది. అచ్చు వెయ్యలేదు, దండోరా వెయ్యలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత హర్లా అనే అతనికి ఆ చట్టం కింద యాభై రూపాయల జరిమానా పడింది. యాభై రూపాయలే గదా అని ఊరుకోకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు మహానుభావుడు. 1951లో జస్టిస్ వివియన్ బోస్ ఆ శిక్ష కొట్టేశారు. నలుగురు గదిలో కూచుని చేసిన తీర్మానం జనానికి ఏదో విధంగా తెలియపరచకుండా చట్టం కాదు, అది సహజ న్యాయానికే విరుద్ధం అని.

రెండోది బంగారం కథ. 1962 నవంబరులో ఒక జర్మన్ దేశస్థుడు జూరిచ్ నుంచి మనీలా పోతూ బొంబాయిలో విమానం ఆగినప్పుడు తనిఖీలో దొరికాడు. కోటు లోపల 34 కిలోల బంగారం! (మా ఆడపడుచుకు ఈ అంకె చెబితే, "అంత బరువు మోసుకుంట ఎట్ల కూసున్నడో" అంది.) మన దేశం మీదుగా బంగారం తీసుకుపోవడం పైన కొత్త ఆంక్ష నవంబరు 24న గెజిట్లో పడింది, ఇతగాడు దిగింది నాలుగు రోజుల్లో. నాకు తెలియదు మొర్రో అన్నాడు. బొంబాయి హైకోర్టు వదిలేసింది. 1964లో సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు కూచుంటే, ఇద్దరు నేరమే అన్నారు. ఈ దేశంలో ప్రకటించాక తెలియదనడం చెల్లదు, ప్రతివాడి చెవిలో చెప్పనక్కరలేదు అని. అయితే అప్పటికి అనుభవించిన జైలే చాలన్నారు. దోషపు బుద్ధి లేనిదే నేరం కాదంటూ విడిగా తీర్పు రాసిన మూడో ఆయన మన రాజమండ్రి వారు, కోకా సుబ్బారావు గారు. తర్వాత 1966లో ఆయనే దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తీర్పు ఇద్దరిదే నిలిచింది గాని, నాకెందుకో మనసు ఆ మూడో ఆయన వైపే లాగుతుంది. తెలుగువాడని కాదు. సరే, కొంత అందుకే అనుకోండి.

గెజిట్లో వేస్తే ప్రకటించినట్టే. చట్టం దృష్టిలో అది చాలు. మన దృష్టిలో చాలదని నాకు మళ్ళీ ఆ పెళ్ళి పందిరే గుర్తొస్తుంది.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. నా పెళ్ళి ఆ తర్వాత పదకొండేళ్ళకు. మా నాన్నగారు రెండెకరాలు అమ్మారు. ఆయన స్కూలు మాస్టారు, ఆయనకే తెలియదు. పుచ్చుకున్నవాళ్ళతో బాటు ఇచ్చినవాళ్ళు కూడా నేరస్థులేనని ఆ చట్టం మొదటినుంచీ చెబుతూనే ఉంది. 1986 సవరణ తర్వాత శిక్ష మామూలుగా అయిదేళ్ళకు తక్కువ ఉండరాదు. అయితే నష్టపోయిన వాళ్ళు వచ్చి ఫిర్యాదు చేస్తే, ఆ చెప్పిన మాటను పట్టుకుని వాళ్ళమీద కేసు పెట్టరాదని కూడా అందులోనే ఉంది. అడగకుండా ప్రేమతో ఇచ్చిన కానుకలు తప్పు కావు, కానీ వాటికి జాబితా ఉండాలి. పెళ్ళికూతురికి వచ్చిన వాటి జాబితా పెళ్ళికూతురి దగ్గరే ఉండాలి. 1985 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధనల్లో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సంతకం చెయ్యలేని వాళ్ళయితే, జాబితా మొత్తం చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించాలట. చదివి వినిపించిన మనిషి కూడా సంతకం పెట్టాలట. చదవలేని మనిషి ఒకరుంటారని, వాళ్ళకు వినే హక్కు ఉందని గుర్తుపెట్టుకున్న చట్టం! ఆ సంగతి మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు.

మళ్ళీ పందిట్లోకి వస్తాను. మావాడి మాట విని రెండో నోటుబుక్కు తెప్పించాను. ఒకదాని మీద పెళ్ళికూతురి పేరు, ఇంకోదాని మీద పెళ్ళికొడుకు పేరు రాశాను. ఎవరిది ఎందులో ఉందో తన చెవిన పడాలని మా ఆడపడుచు పట్టుబట్టింది. ఆమెకు చదువు రాదు. గట్టిగా చదువుతూ పోయాను. వెండి కుంకుమ భరిణె, మేనమామ, ఇంత. పట్టుచీర, చిన్నత్త, ఇంత. స్టీలు బిందె, మిక్సీ, గోడగడియారాలు నాలుగు.

"గంతేనా?" అంది ఆమె. "పిల్లగానికి బండి ఇచ్చిండు గద నా కొడుకు. బయట పూలదండ ఏసి నిలవెట్టిన్రు. గది రాయలేదేంది?"

"అది వాళ్ళు అడిగిందా అత్తమ్మా, మీరే ఇచ్చిందా?" అన్నాడు మావాడు మెల్లగా.

"అడగకుంట ఎవలిస్తరు బిడ్డా! మొన్న మాట్లాడుకునేటప్పుడే చెప్పిరి గద."

మావాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. అడిగి పుచ్చుకున్నది కానుకల జాబితాలోకి రాదు. రాకపోతే అది ఏమవుతుందో, ఇచ్చినవాడు ఏమవుతాడో ఆమెకు చెప్పాలి. ఆ కొడుకు అవతల చేతులు జోడించి మగపెళ్ళివారిని భోజనాలకు పిలుస్తున్నాడు.

"ఏంది, ఇద్దరు గట్ల సూసుకుంటున్నరు?" అంది మా ఆడపడుచు. "నాకు గూడ చెప్పున్రి."

నేను పెన్నుకు మూతపెట్టి, ఆమె కుర్చీ నా పక్కకు లాక్కున్నాను.